గోధుమ లేని జపాన్ కర్రీ: సీమ వంటింట్లో ఏ పిండి, ఏ మసాలా, ఏ బియ్యం?

జపాన్ కర్రీ, అన్నం కావాలని పిల్లలు అడగడం ఇప్పుడు కర్నూలు, కడప, అనంతపురం ఇళ్లల్లోనూ వినిపిస్తోంది. కొందరు జపాన్ కార్టూన్లలో చూసి అడుగుతారు, కొందరు బెంగళూరులో చదువుకుంటూ అక్కడ తిని వచ్చి అడుగుతారు. చేసిపెట్టడం పెద్ద పనేమీ కాదు. ఇంట్లో ఒకరికి గోధుమ పడకపోతేనే చిక్కు. ఎందుకంటే ఆ కర్రీకి చిక్కదనమంతా మైదాతో వస్తుంది.

మా అక్క కూతురికి సీలియాక్ జబ్బు, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే పేగులు దెబ్బతినే జబ్బు. ఆమె కూడా మాతో కూర్చుని అదే గిన్నెలోంచి వడ్డించుకుని తినాలన్నది నా పట్టుదల. తనకు వేరే గిన్నెలో వేరే కూర పెడితే ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. అందుకని ఏ దారిలో పోతే రుచి పోదు, ఏ దారిలో పోతే ఒళ్లు చెడదు అన్నది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక ధైర్యం చెబుతాను. చపాతీ సాగాలన్నా, బ్రెడ్ పొంగాలన్నా గ్లూటెన్ ఉండాలి. ఈ కర్రీలో మాత్రం గ్లూటెన్‌కు పనే లేదు. పులుసును చిక్కబరిచేది మైదాలోని స్టార్చ్, అంటే గంజి కట్టే పదార్థం. అది బియ్యంలో ఉంది, జొన్నలో ఉంది, ఉర్లగడ్డలో ఉంది. మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాత, బ్రిటిష్ వాళ్ల ద్వారా జపాన్‌కు కర్రీ పొడి వెళ్లింది, మైదాతో కూరను చిక్కబరిచే పద్ధతి కూడా దాని వెంటే వెళ్లింది. మసాలా మనది, మైదా వాళ్లది. మైదా తీసేస్తే వంటకం వంటకంలానే ఉంటుంది.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీ ఇంట్లో గోధుమ ఎందుకు మానేశారు? డాక్టరు సీలియాక్ అని తేల్చి ఉంటే చిటికెడు గోధుమ పిండి తగిలినా పేగులు దెబ్బతింటాయి. అలాంటి ఇంట్లో మొదటి ప్రశ్న ఏ పిండి అని కాదు, ఆ పిండి ఎక్కడ పట్టించారని. అలా కాకుండా కడుపు బరువుగా ఉంటోందని మీకై మీరు తగ్గించుకుంటుంటే ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు, రుచీ సౌకర్యమూ చూసుకుంటే సరిపోతుంది. ఈ రెండో రకం వాళ్లకు ఒక మాట. సీలియాక్ ఉందేమోనన్న అనుమానం ఉంటే గోధుమ తింటున్న రోజుల్లోనే రక్త పరీక్ష చేయించుకోండి. పూర్తిగా మానేసి కొన్నాళ్లయ్యాక చేయిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.

ఆ తర్వాత చూసుకోవాల్సినవి నాలుగు: గ్రేవీ ఎంత నున్నగా వస్తుంది, పిండి వాసన కూరలోకి దిగుతుందా, మన ఊళ్లో దొరుకుతుందా, మర్నాడు వేడిచేస్తే ఎలా ఉంటుంది. నలుగురికి 750 మిల్లీలీటర్ల నీళ్లతో చేసే కూర లెక్కన ఈ పట్టిక చూడండి.

| చిక్కబరిచేది | ఎంత | గ్రేవీ | వాసన | మర్నాడు |
|---|---|---|---|---|
| నేతిలో వేయించిన బియ్యప్పిండి | 40 నుంచి 45 గ్రాములు | నిండుగా, మైదాకు దగ్గరగా | దాదాపు లేదు | గట్టిపడుతుంది, నీళ్లు పోస్తే సర్దుకుంటుంది |
| కార్న్ ఫ్లోర్ | 25 గ్రాములు | మెరుస్తుంది, జారుతుంది | లేదు | నీరు విడుస్తుంది |
| ఉర్లగడ్డ మెదిపి | 2 పెద్దవి అదనంగా | కొంచెం బరకగా | ఉర్లగడ్డ రుచే | బాగుంటుంది |
| జొన్నపిండి సగం, బియ్యప్పిండి సగం | 45 గ్రాములు | కొంచెం రవ్వగా | జొన్న వాసన తెలుస్తుంది | బాగుంటుంది |
| కొనుక్కొచ్చిన గ్లూటెన్ లేని కర్రీ బిళ్లలు | ప్యాకెట్ మీద ఉన్నట్టు | అసలుకు అతి దగ్గర | లేదు | బాగుంటుంది |

బియ్యప్పిండి

నా ఓటు దీనికే. కారణం చౌక కావడం ఒక్కటే కాదు. బియ్యప్పిండిని కొవ్వులో వేయించవచ్చు. జపాన్ కర్రీకి ఆ గుండ్రటి, కమ్మటి రుచి వచ్చేది పిండిని వెన్నలో వేయించడం వల్లే. కార్న్ ఫ్లోర్‌ను నీళ్లలో కలిపి చివర్లో పోసేస్తే చిక్కదనం వస్తుంది కానీ ఆ కమ్మదనం రాదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో 40 గ్రాముల వెన్నగానీ నెయ్యిగానీ వేసి, కరిగాక 40 గ్రాముల బియ్యప్పిండి వేయండి. సన్న మంట మీద ఎనిమిది, పది నిమిషాలు ఆపకుండా కలుపుతూ ఉండాలి. మైదా ముద్దకడుతుంది, బియ్యప్పిండి అలా కట్టదు. కొవ్వులో తడి ఇసుకలా జారుతూ ఉంటుంది, కంగారుపడి ఇంకా పిండి వేయకండి. పచ్చి వాసన పోయి, వేపుడు బియ్యం వాసన వచ్చి, రంగు లేత బిస్కట్ రంగుకు తిరగ్గానే మంట ఆపేయండి. కర్రీ పొడి రెండు టేబుల్ స్పూన్లు మంట ఆపాకే వేయాలి. ఆ వేడికే మసాలా విచ్చుకుంటుంది. మంట మీద వేస్తే పసుపూ మెంతీ మాడి చేదెక్కుతాయి. పిండి మరీ ఎర్రగా వేగితే దానికి చిక్కబరిచే బలం తగ్గుతుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

వేరే గిన్నెలో మూడు ఎర్రగడ్డలు సన్నగా తరిగి, అరగంట దాకా ఓపిగ్గా వేయించండి. ఎర్రగడ్డలు తేనె రంగుకు రావాలి, తీపి దిగాలి. ఇక్కడ తొందరపడితే ఏ పిండి వాడినా ఒకటే, కూర చప్పగా ఉంటుంది. తర్వాత చికెన్ ముక్కలో పుట్టగొడుగులో వేసి, క్యారెట్, ఉర్లగడ్డ పెద్ద ముక్కలు, నీళ్లు వేసి ఉడికించండి. ముక్క మెత్తబడ్డాక మంట తగ్గించి, గరిటెడు పులుసు తీసి వేయించిన పిండిలో కలిపి పలచన చేసి, దాన్ని కూరలో పోయండి. ఇలా చేస్తే ఉండలు కట్టదు. ఆ తర్వాత పది నిమిషాలు సన్న మంట మీద ఉడకాలి. అప్పుడే బియ్యప్పిండిలోని కొద్దిపాటి గరుకు కూడా పోతుంది.

ఇక పిండి ఎక్కడిదన్న విషయం. సీలియాక్ ఉన్న ఇంటికి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పిండి మిషన్‌లో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని ఉంటారు. ఆ పిండి రాళ్ల మధ్యా, గొట్టంలోనూ మిగిలి, తర్వాత వేసిన మన బియ్యంలోకి వస్తుంది. "పొద్దున్నే రాక్కా, ముందు మీదే వేస్తా" అని మిషన్ ఆయన మంచి మనసుతోనే అంటాడు. కానీ నిన్న సాయంత్రం చివరగా పట్టింది గోధుమే అయ్యుంటుంది. బియ్యానికి వేరే మిషన్, గోధుమకు వేరే మిషన్ ఉన్న చోటు కూడా పూర్తిగా నమ్మదగింది కాదు, గాల్లో లేచిన పిండి అంతటా వాలుతుంది. అందుకే ఇంట్లో మిక్సీనే మేలు. బియ్యం కడిగి రెండు మూడు గంటలు నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, మిక్సీ పట్టి, సన్నని జల్లెడలో జల్లించి, బాండ్లీలో తడి లేకుండా వేయించి డబ్బాలో పోసుకోండి. ఆ జల్లెడ గోధుమ పిండి తగలనిదై ఉండాలి. ఓపిక లేకపోతే గ్లూటెన్ ఫ్రీ అని రాసిన బియ్యప్పిండి ప్యాకెట్ కొనండి. మన దేశంలో ఆ మాట రాయాలంటే గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం.

కార్న్ ఫ్లోర్

పావుగంటలో ముగించాలనుకునే రోజుకు ఇది. ఏ కిరాణా అంగట్లోనైనా దొరుకుతుంది. తెల్లటి కార్న్ ఫ్లోర్ వేరు, పసుపుపచ్చటి మొక్కజొన్న పిండి వేరు, కలగలపకండి. చల్లటి నీళ్లలో కలిపి, కూర కుతకుతా ఉడుకుతున్నప్పుడు పోసి, రెండు నిమిషాలు ఉడికించి దింపేయాలి. ఎక్కువసేపు ఉడికిస్తే మళ్లీ పలచబడుతుంది. రుచి చైనీస్ హోటల్ గ్రేవీ వైపు జారుతుందని నా అభిప్రాయం. దానికి విరుగుడుగా కర్రీ పొడిని ఎర్రగడ్డలతో పాటు రెండు స్పూన్ల నేతిలో వేయించి, నీళ్లు పోయండి. పాలగుండ (ఆరోరూట్) పొడి ఉన్నవాళ్లు అదీ వాడవచ్చు, పద్ధతి ఇదే. ఆన్‌లైన్‌లో దొరికే పొటాటో స్టార్చ్ కూడా ఇదే కోవలోది, కాకపోతే ఇంకా తక్కువ వేడికే చిక్కబడుతుంది, ఎక్కువ తిప్పితే విరిగిపోతుంది.

ఉర్లగడ్డనే మెదపడం

ఏ పిండినీ నమ్మలేని వాళ్లకు, బయటి ప్యాకెట్ అంటేనే భయపడేవాళ్లకు ఇది అన్నింటికంటే భద్రం. ఉర్లగడ్డలో గోధుమ కలిసే అవకాశమే లేదు. కూరలో ఉడికిన ముక్కల్లోంచి కొన్ని తీసి మెదిపి మళ్లీ కలపండి. రుచి బాగుంటుంది, పిల్లలు ఇష్టపడతారు. గ్రేవీ నునుపుగా మాత్రం రాదు, మన ఉర్లగడ్డ కూరకు దగ్గరగా వెళ్తుంది. షుగరున్న వాళ్లకు ఈ కూర, పైన తెల్లన్నం కలిపితే లెక్క ఎక్కువైపోతుంది.

జొన్న, రాగి, శనగ

జొన్న రొట్టె తిని పెరిగిన కర్నూలు, అనంతపురం వాళ్లకు జొన్నపిండి వాసన కొత్త కాదు, అదొక కలిసొచ్చే విషయం. మొత్తం జొన్నపిండే వేస్తే కూర కొంచెం గరుకుగా, మట్టి రంగుగా వస్తుంది. సగం బియ్యప్పిండి కలిపితే బాగా కుదురుతుంది. రాగి పిండి చిక్కదనానికి వద్దు, సంగటి వాసన మసాలాను మింగేస్తుంది. ఒక్క టీస్పూను వేస్తే మాత్రం ఆ ముదురు గోధుమ రంగు చక్కగా వస్తుంది. శనగపిండి వేస్తే అది జపాన్ కర్రీ కాదు, మజ్జిగ పులుసుకు చుట్టమవుతుంది. మిషన్ గురించి పైన చెప్పిందంతా జొన్నకూ రాగికీ వర్తిస్తుంది.

కొనుక్కొచ్చే బిళ్లలు

చాక్లెట్‌లా గళ్లుగళ్లుగా విరిచి వేసే కర్రీ బిళ్లలు బెంగళూరు పెద్ద దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మామూలు బిళ్లల్లో గోధుమ పిండి ఖాయంగా ఉంటుంది. బియ్యప్పిండితో చేసినవి కూడా జపాన్‌లో అమ్ముతారు, దొరికితే రుచిలో వాటిని కొట్టింది లేదు. అయితే ధర ఎక్కువ, కావాలనుకున్న వారంలో దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఇంకా రెండు జాగ్రత్తలు ఉన్నాయి.

జపాన్ చట్టం ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరిగా చూపాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో గోధుమ ఉంది, బార్లీ లేదు. సీలియాక్ ఉన్నవాళ్లకు బార్లీ కూడా పడదు. కాబట్టి అలర్జీ పెట్టెలో గోధుమ లేదని కనబడగానే సంబరపడకుండా, ఫోన్ కెమెరాతో అనువాదం పెట్టుకుని మొత్తం పదార్థాల వరుస చదవండి. బార్లీ, మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) అన్న మాటలు వెతకండి. రెండోది, చాలా బిళ్లల్లో గొడ్డు కొవ్వు, పంది కొవ్వు కలుస్తాయి. అవి తినని ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉందేమో చూడండి.

మసాలాలో, సాసుల్లో దాక్కున్న గోధుమ

పిండి మార్చేశాం కదా అని ధీమాగా ఉన్న ఇంట్లో ఇంగువ ముంచేస్తుంది. అంగడిలో దొరికే ఇంగువ పొడి స్వచ్ఛమైంది కాదు, చాలా కంపెనీలు అందులో గోధుమ పిండి కలుపుతాయి, కొన్ని బియ్యప్పిండి కలుపుతాయి. డబ్బా వెనక చదివితే తెలుస్తుంది. జపాన్ కర్రీకి ఇంగువ అక్కర్లేదు, కానీ సాంబారు పొడి, నంజుకునే నిమ్మకాయ ఊరగాయ, పోపుల డబ్బాలో అన్నిటికీ వాడే ఒకే స్పూను, వీటి ద్వారా అది వచ్చేస్తుంది.

సోయా సాస్ రెండో దొంగ. మామూలుగా దాన్ని సోయాతో పాటు గోధుమ కలిపి పులియబెడతారు. గోధుమ లేకుండా చేసిన తమారీ అనే సోయా సాస్ దొరికితే సరే, అది కూడా సీసా చదివి కొనండి. లేకపోతే వదిలేయండి. వూస్టర్ సాస్‌లో కొన్నింట్లో బార్లీ మాల్ట్ వెనిగర్ ఉంటుంది. ఈ కర్రీలో ఆ రెండు సాసుల పని పులుపు, తీపి, ఉప్పు కలిపి ఇవ్వడమే. ఒక స్పూను చింతపండు గుజ్జు, చిన్న బెల్లం ముక్క, ఒక టమాట మగ్గించి వేస్తే ఆ లోటు తీరుతుంది. బెల్లానికి బదులు తురిమిన ఆపిల్, తేనె కూడా బాగుంటాయి. 1963లో హౌస్ అనే జపాన్ కంపెనీ ఆపిల్, తేనె కలిపిన కర్రీ బిళ్లలు తెచ్చాక ఆ తీపి అక్కడి ఇళ్లల్లో స్థిరపడిపోయింది. కారం అలవాటైన మన సీమ నాలుకకు అది మొదట వింతగా ఉంటుంది. కారం పెంచుకోండి గానీ తీపి మొత్తం తీసేయకండి.

కర్రీ పొడి ఇంట్లోనే చేసుకోవడం తేలిక. ధనియాలు రెండు టేబుల్ స్పూన్లు, జీలకర్ర రెండు టీస్పూన్లు, మిరియాలు ఒక టీస్పూను, మెంతులు, సోంపు అర టీస్పూను చొప్పున, నాలుగు యాలకులు, మూడు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, రెండు ఎండు మిరపకాయలు దోరగా వేయించి, ఒక టేబుల్ స్పూను పసుపు కలిపి మెత్తగా పొడి చేయండి. రెండుసార్లు వండుకోవచ్చు. జపాన్ పొడుల్లో ఎండబెట్టిన నారింజ తొక్క కూడా ఉంటుంది. దానికి మన చీని కాయ తొక్క చక్కగా సరిపోతుంది. కాయను బాగా కడిగి, పీలర్‌తో పై పొర మాత్రం గీరి తీయండి, కింది తెల్లటి పొర తగిలితే చేదు. మన ఎండకు తొందరగా పెళుసెక్కుతుంది, వేలితో విరిస్తే టక్కున విరగాలి. ఆ పొడి ఒక టీస్పూను కలపగానే గరం మసాలా వాసన కాస్తా జపాన్ కర్రీ వాసనగా మారుతుంది. మొత్తం వంటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఏ బియ్యం

జపాన్ వాళ్లది పొట్టి గింజ, ఉడికితే ఒకదాన్నొకటి అంటుకుంటుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, అంత అవసరం మాత్రం నాకు కనబడలేదు. కేసీ కాలువ కింద పండే కర్నూలు సోనా, అంటే బీపీటీ 5204, బాగా పనిచేస్తుంది. ఒక్కటే మార్పు. మనం పాత బియ్యం కోసం వెతుకుతాం, దీనికి కొత్త బియ్యం కావాలి. ముద్దవుతుందని మనం విసుక్కునే కొత్త బియ్యమే ఇక్కడ సరిగ్గా కుదురుతుంది. అరగంట నానబెట్టి వండి, పది నిమిషాలు మూత తీయకుండా ఉంచండి. పాత బియ్యమే ఉంటే గ్లాసుకు పావు గ్లాసు నీళ్లు ఎక్కువ పోయండి. బాస్మతి వద్దు, గ్రేవీ గింజకు పట్టదు. షుగరున్న పెద్దవాళ్లకు కొర్ర అన్నం మీద పోసి పెట్టండి. కొర్రల్లో గోధుమ గింజలు కలిసి ఉన్నాయేమో ఏరి, కడిగి వండాలి.

మీ ఇంటికి ఏది

సీలియాక్ ఉన్న ఇల్లయితే ఇంట్లో మిక్సీ పట్టిన బియ్యప్పిండి, లేదా ఉర్లగడ్డ. మసాలా కూడా ఇంట్లోదే. చపాతీ పెనం, గోధుమ పిండి తగిలిన చెక్క గరిటె, పూరీలు వేయించిన నూనె దగ్గరికి రానీయకండి. పైన కట్లెట్ పెట్టాలనుకుంటే బ్రెడ్ పొడికి బదులు అటుకులు బరకగా దంచి అద్దండి. కార్న్ ఫ్లేక్స్ వాడదామని కొందరు చెబుతారు, చాలావాటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది, చదవకుండా వాడకండి.

గోధుమ కొంచెం తగ్గిద్దామనుకునే వాళ్లు అంగట్లో దొరికే బియ్యప్పిండితోనే నిశ్చింతగా చేసుకోవచ్చు. హాస్టల్లోనో చిన్న గదిలోనో ఉండి ఒకే స్టవ్వు మీద వండుకునే పిల్లలకు కార్న్ ఫ్లోర్ చాలు. చుట్టాలొచ్చిన రోజు, నలుగురికీ ఒకే గిన్నెలో అసలు రుచి చూపించాలంటే, ముందుగా తెప్పించుకున్న బిళ్లలుంటే అవి, లేకపోతే వెన్నలో వేయించిన బియ్యప్పిండి.

మిగిలిన కూర విషయానికొస్తే, బియ్యప్పిండి కూరను ముక్కలతో సహా ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుకోవచ్చు, వేడి చేసేటప్పుడు అర గ్లాసు నీళ్లు పోసి సన్న మంట మీద కలపండి. వండిన వెంటనే లోతు తక్కువ గిన్నెల్లోకి మార్చి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మన వేసవిలో పెద్ద గిన్నెతో రాత్రంతా బయట వదిలేయడం మంచిది కాదు. ఫ్రీజర్‌లో పెట్టాలంటే ఉర్లగడ్డ ముక్కలు ముందే తీసేయండి, అవి గడ్డకట్టి కరిగాక స్పాంజిలా అయిపోతాయి. వేయించిన బియ్యప్పిండి, వెన్న, మసాలా కలిపిన ముద్దను మాత్రం ఐస్ ట్రేలో పోసి గట్టిపడ్డాక డబ్బాలో వేసి దాచుకుంటే ఫ్రీజర్‌లో నెల దాకా ఉంటుంది, పిల్లలు అడిగిన రోజున నాలుగైదు ముక్కలు తీసి ఉడికే కూరలో వేసేయవచ్చు.